రెండో పంచె

కొత్తగా వీధిబడి పెట్టుకోబోతున్న కుర్ర పంతుళ్ళు ఈ మధ్య ఒకరి తరువాత ఒకరు మా ఇంటికి వస్తున్నారు. "ముప్పై ఏళ్ళు బడి నడిపేరు కదండీ, మాకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పండి" అంటారు. ఎక్కాలు ఎన్నాళ్ళకు నోటికి వస్తాయి, గంటం ఏ వయసులో చేతికివ్వాలి, గుణింతం దగ్గర మొరాయించే పిల్లాణ్ణి ఎలా దారికి తేవాలి, ఇవీ వాళ్ళ ప్రశ్నలు. వాళ్ళ ముఖాల్లో ఉత్సాహం చూస్తే నాకు జాలేస్తుంది.

అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాసి పెడుతున్నాను. నాయనలారా, మీరు చేరబోయేది అక్షరాల ఉద్యోగం కాదు, బట్టల ఉద్యోగం. అయిదేళ్ళ పిల్లాడికి అక్షరం ఎలాగో ఒకలాగ వస్తుంది. మీరు చెప్పినా వస్తుంది, చెప్పకపోతే పక్కవాణ్ణి చూసి వస్తుంది. కానీ అంతవరకూ మొలతాడు తప్ప ఒంటిమీద నూలుపోగు ఎరగకుండా పెరట్లో కోడిపిల్లల వెంట తిరిగినవాడికి ఒక్కసారిగా పంచె చుట్టి, అరుగు మీద కూర్చోబెట్టి, కదలవద్దని చెప్పడం ఉందే, అదీ అసలు విద్య. ఆ విద్యలో నేను చేయని తప్పు లేదు. మీరు కూడా చేస్తారు. కనీసం కొత్తవి చేయండి.

మా ఊరు కొత్తపేటకు రెండు క్రోసుల దూరంలో, కాలువ ఒడ్డున ఉంది. దొరలు గోదావరికి ఆనకట్ట కట్టి, కాలువల్లో నీళ్ళు వదిలిన కొత్తల్లో నేను బడి పెట్టాను. ఊరి కరణంగారు తమ ఇంటి వీధి అరుగు నాకు ఇచ్చారు. అరుగుతో పాటు తమ అభిప్రాయాలు కూడా ఇచ్చారు. అరుగు అరిగిపోయింది గానీ అభిప్రాయాలు ఇప్పటికీ కొత్తవిలాగే ఉన్నాయి.

కొత్త బట్ట ఎవరికోసం?

పిల్లాణ్ణి బడిలో వేసే రోజున తల్లిదండ్రులు చేసే మొదటి పని కొత్త పంచె కొనడం. రెండో పని దాన్ని వాడు పెద్దయ్యేదాకా సరిపోయేంత పొడుగు కొనడం. "ఎదిగే పిల్లాడు కదండీ" అంటారు. వాడు ఎదుగుతాడు, నిజమే. కానీ ఎదిగేలోపల రోజుకు పదిసార్లు ఆ పంచె అంచు తొక్కి బోర్లా పడతాడు. మొదటి వారంలో నా బడిలో ఊడిన పాలపళ్ళన్నీ వయసొచ్చి ఊడినవి కావు.

పైగా దానికి గంజి. గంజి పెట్టిన కొత్త పంచె కట్టుకుని అయిదేళ్ళవాడు నడుస్తుంటే తాటాకు నడిచినట్టు చప్పుడు. మధ్యాహ్నానికి తొడలు ఒరుసుకుపోయి, సాయంత్రానికి కాళ్ళు ఎడంగా వేసి నడుస్తూ ఇంటికి వెళతాడు. తల్లి చూసి, "బడిలో చేరిన మొదటి రోజే ఎంత ఠీవి వచ్చిందో" అని మురిసిపోతుంది.

బండారులంక నుంచి బట్టల మూట నెత్తిన పెట్టుకుని మా ఊరు వచ్చే సాంబయ్య అనే నేతగాడు ఉండేవాడు. పిల్లల పంచెలు నేసి అమ్మడం అతని పని. ఒకసారి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ, నేను అడగకుండానే తన సరుకు గుట్టు చెప్పేశాడు.

"పంతులుగారండీ, కొత్త పంచె పిల్లాడికి కాదండి. చూసేవాళ్ళకండి. మా ఇంట్లో పిల్లలకి నేను కొత్తది కట్టనండి. మా నాన్న కట్టి వదిలేసిన పంచె చింపి కడతానండి. పదిసార్లు ఉతికిన బట్ట ఒంటికి ఎన్నలాగుంటదండి."

"ఆ మాట కొనేవాళ్ళతో చెప్పవేం?"

"చెపితే మేం తినేదేటండీ?" అన్నాడు సాంబయ్య, మజ్జిగ చెంబు కింద పెడుతూ.

ఈ ముప్పై ఏళ్ళలో నేను విన్న అత్యుత్తమమైన బోధ అదే. కనుక రాసుకోండి. మొదటి నెల పాత బట్ట. పొడుగు మోకాలు దాటకూడదు. గంజి వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, కట్టిన ముడి పిల్లాడు తనంతట తాను విప్పుకోగలగాలి. ఇంటి దగ్గర మూడు రోజులు వాడిచేత విప్పించి కట్టించాకే బడికి పంపమనండి. ముడి విప్పడం రాని పిల్లాడికి ఓనమాలు వచ్చి ప్రయోజనం లేదు. అవసరం ముంచుకొచ్చినప్పుడు ఓనమాలు చదివితే ముడి విడిపోదు.

జీడిగింజతో నా పాండిత్యం

బడి పెట్టిన రెండో ఏడు నాకు తెలివితేటలు పెరిగాయి. పిల్లలు పాతికమంది, పంచెలు పాతిక, అన్నీ తెల్లవే. ఉక్కపోసిందనీ, తడిసిందనీ విప్పి పడేస్తారు. సాయంత్రం ఎవరి చేతికి అందింది వాడు చుట్టుకుని పోతాడు. మరునాడు పొద్దున్నే తల్లులు వస్తారు. "మా వాడిది నాలుగు మూరల మంచి బట్టండీ, ఈ గోనెగుడ్డ ఎవరిదండీ?" అని ఒకావిడ. గోనెగుడ్డ సొంతదారు తల్లి పక్కనే ఉంటుంది. ఆ తరువాత నా బడిలో ఆ రోజుకు చదువు ఉండదు.

చాకలి బట్టలకు నల్లజీడి గింజ రసంతో గుర్తులు పెడతాడు కదా, ఆ పని మనం చేయలేమా అనుకున్నాను. చేయలేకేం, అక్షరాలు వచ్చినవాణ్ణి. గింజకు సూది గుచ్చి, ఒక్కొక్క పంచెకీ పిల్లాడి పేరులో మొదటి అక్షరం నల్లగా, గుండ్రంగా రాశాను. ఏ మూలో రాస్తే కనపడదని, నడుము దగ్గర పడేచోట పెద్దగా రాశాను. నా దస్తూరీ చూసి నేనే ముచ్చటపడ్డాను.

మూడో రోజున పిల్లల నడుముల మీద బొబ్బలు లేచాయి. ఒక్కొక్కడి బొబ్బ వాడి పేరులోని మొదటి అక్షరం ఆకారంలో ఉంది. ఊరి చాకలి వీరన్న వచ్చి చూసి బుగ్గలు నొక్కుకున్నాడు.

"గుర్తు మీద సున్నం రాసేరాండి?"

"సున్నం దేనికి?"

"ఆయ్, సున్నం రాసి ఉతికితేగానీ జీడి మంట ఇరగదండి. అయినా ఎవరన్నా కొస మీద చుక్క పెడతారుగానండీ, నడుముకాడ రామాయణం రాత్తారా?"

నన్ను ఊళ్ళోంచి తరిమేస్తారనుకున్నాను. అదేమీ జరగలేదు. పంతులు వాతలు పెట్టేంత గట్టివాడని పేరొచ్చి, పక్క ఊరినుంచి మరో ఇద్దరు పిల్లలు చేరారు. మన వృత్తిలో గౌరవం ఎలా వస్తుందో మీకు తెలియాలని చెబుతున్నాను. గుర్తు కావాలంటే అంచుకు రంగు దారం ఒకటి కుట్టండి, చాలు.

కరణంగారి మనవడి అంగరఖా

అరుగు ఇచ్చిన కరణంగారికి ఒక్కడే మనవడు. పేరు బుచ్చిబాబు. కరణంగారు శిస్తు లెక్కల జమాబందీకి రాజమండ్రి వెళ్ళి, అక్కడ కచేరీ గుమస్తాల పిల్లలు కుట్టిన అంగరఖాలు తొడుక్కుని తిరగడం చూసి వచ్చారు. మనవడికీ ఒకటి కుట్టించారు. దట్టమైన బట్ట, లోపల అస్తరు, మెడ నుంచి నడుము దాకా తొమ్మిది జతల బొందులు. దాని కింద బిగుతుగా ఒక ఇజారు, దానికొక బొందు. ఆషాఢంలో ఉక్కపోతకు ఊరంతా ఒంటిమీద బట్ట నిలపలేక విసనకర్రలు పట్టుకుంటే, బుచ్చిబాబు చలికాలపు నవాబులా పల్లకీ దిగాడు. పల్లకీ అనవసరం, వాళ్ళ లోపలి గుమ్మం నుంచి మా అరుగుకు ఇరవై అడుగులు.

"ఏం పంతులూ, ఎలా ఉంది?" అన్నారు కరణంగారు.

"దివ్యంగా ఉందండి. ఒకటే సందేహం. పిల్లాడు ఒంటికి వెళ్ళాలంటే ఎలాగండీ?"

"ముందుగా చెబుతాడు."

"చెప్పాక విప్పడానికి ఎంతసేపు పడుతుందండీ?"

"ఆ మాటే చెబుతున్నాను. ముందుగా చెబుతాడు" అన్నారాయన, లెక్క తేల్చినట్టు.

బుచ్చిబాబు ముందుగానే చెప్పాడు. పాపం, వాడి తప్పు లేదు. నేను నాలుగో బొందు దగ్గర ఉండగా వాడి పని అయిపోయింది. ఆ నెలలో పదకొండుసార్లు మేమిద్దరం ఆ పందెం వేసుకున్నాం. ఒక్కసారి కూడా నేను గెలవలేదు. చెమటకి వీపంతా పేలి, గోకుదామంటే అస్తరు అడ్డమై, పిల్లాడు అక్షరం మీద దృష్టి పెట్టలేక ఏడుస్తుంటే కరణంగారు లోపలినుంచి, "చదువంటే అంత భయభక్తులు వాడికి" అనేవారు.

దండెం మీద మడిబట్ట

అంగరఖా బెడద తప్పిస్తానని కరణంగారి తల్లి సూరమ్మగారు ముందుకు వచ్చారు. ఎనభై ఏళ్ళావిడ. ఊళ్ళో వేదం చెప్పుకున్నవాళ్ళు కూడా ఆవిడ మడి ముందు తలవంచేవారు. కుట్టిన బట్ట ఆవిడ దృష్టిలో బట్టే కాదు. మనవడి కొడుకు బడిలో అన్ని ఇళ్ళ పిల్లల్నీ ముట్టుకుని వచ్చి భోజనానికి కూర్చోవడం ఆవిడకు సుతరామూ ఇష్టం లేదు.

అందుకని పిల్లాడి మారుబట్టగా ఒక మడిపంచె తడిపి, పిండి, మా అరుగు పైన చూరుకు కట్టిన ఎత్తు దండెం మీద తన కర్రతో ఆరవేసి వెళ్ళేవారు. తడిస్తే అదే కట్టాలి. "ఎవరూ ముట్టుకోకండి నాయనా, మడి" అని హెచ్చరిక.

ఒకరోజు ముసురు పట్టి ఉంది. బుచ్చిబాబు తడిపేశాడు. తడిబట్ట విప్పి పడేసి, గజగజ వణుకుతూ నిలబడ్డాడు. మారుబట్ట తల పైనే వేలాడుతోంది. నేను ముట్టుకోకూడదు, నేను పిల్లల్ని ముట్టుకున్నవాణ్ణి. పిల్లలు ముట్టుకోకూడదు, వాళ్ళు పిల్లలు. బుచ్చిబాబు ముట్టుకోకూడదు, వాడు మైలపడి ఉన్నాడు. ఈ భూమండలంలో ఆ పంచెను కిందికి దించే అధికారం ఉన్న ఒకే ఒక్క మనిషి లోపల జపంలో ఉన్నారు.

జపం అయింది. కబురు విని ఆవిడ మళ్ళీ స్నానం చేసి, తడిచీరతో, కర్ర పట్టుకుని వచ్చారు. అప్పటికి గాలికి పిల్లాడి ఒళ్ళు ఆరిపోయింది. పంచె దించబోతూ ఆవిడ ఆగారు.

"స్నానం చేయకుండా మడిబట్ట ఎలా కడతాడు నాయనా?" అని, ఒక చెంబెడు చన్నీళ్ళు తెప్పించి, ఆరిన పిల్లాణ్ణి మళ్ళీ నిలువునా తడిపి, అప్పుడు పంచె ఇచ్చారు. పిల్లాడికి పదిరోజులు జ్వరం కాసింది. అరుగు మీద గాలి మంచిది కాదని ఇంట్లో తేల్చారు.

నా శాసనం

ఇంత జరిగాక నాలాంటి బుద్ధిమంతుడు ఏం చేస్తాడు? శాసనం చేస్తాడు. "ఇకమీదట ప్రతి పిల్లాడూ రెండు పంచెలతో రావాలి. ఒకటి ఒంటి మీద, ఒకటి మూటలో. మూట నా వెనక కొయ్యకు తగిలించాలి. ఎవరు ముట్టుకున్నా ఫరవాలేని బట్ట అయి ఉండాలి. రెండో పంచె లేని పిల్లాడు అరుగు ఎక్కనక్కరలేదు."

కరణంగారికి శాసనమంటే ప్రాణం. చాటింపు వేయిద్దామన్నారు. నేనే వినయంగా వద్దన్నాను. పొద్దున్నే పిల్లలు వరసలో వచ్చి మూటలు తగిలిస్తుంటే నాకు కచేరీ నడుపుతున్నట్టు ఉండేది. మూట ఉందా లేదా చూసేవాణ్ణి. లోపల ఏముందో చూసే అలవాటు నాకు లేదు. శాసనాలు చేసేవాళ్ళకు సాధారణంగా ఉండదు.

ఆ వానాకాలంలోనే సత్తెమ్మ అనే ఆవిడ కొడుకును తీసుకుని వచ్చింది. అంతర్వేది వైపు నుంచి వచ్చి మా కాలువ గట్టు మీద పాక వేసుకున్న పడవవాళ్ళు. భర్త కొబ్బరికాయల పడవ మీద వెళితే నెలకో రెణ్ణెల్లకో గానీ రాడు. ఆవిడ కొబ్బరిపీచు కొట్టేచోట పనికి వెళ్ళేది. కొడుకు నరసింహులు. అయిదేళ్ళవాడు. వాళ్ళ నాన్న పాత పంచె ముక్క శుభ్రంగా ఉతికి, మోకాళ్ళ పైకి కట్టింది. ముడి చూశాను, పిల్లాడు ఒక్క లాగుతో విప్పుకోగలిగేలా ఉంది. నేను ఇంతవరకూ మీకు చెప్పిన లక్షణాలన్నీ ఉన్న బట్ట ఆ ముప్పై ఏళ్ళలో అదొక్కటే.

అది వదిలేసి నేను అడిగింది, "రెండో పంచె ఏది?"

"మా వోడికి అక్కర్లేదండి, పంతులుగారండి. పడవ మీద పెరిగినోడండి. తెడ్డు ఏసేకాడ తడిపితే వాళ్ళ నాన్న ఊరుకోడని ఊసులాడేనాడే నేర్చుకున్నాడండి."

"అందరికీ ఒకటే పద్ధతి. రెండో పంచె లేనిదే చేర్చుకోను."

ఆవిడ కాసేపు కొయ్యకు వేలాడుతున్న మూటల వైపు చూసింది. పిల్లాడు అప్పటికే అరుగు కింద మట్టిలో వేలితో ఏదో గీస్తున్నాడు. పైన పిల్లలు దిద్దుతున్న 'అ' చూసి గీస్తున్నాడు. వంకర లేకుండా వచ్చింది.

"ఆయ్. రేపు తెత్తాడండి" అంది.

తెచ్చాడు. పెద్ద మూట. చింకిగుడ్డలో చుట్టి, వలతాడుతో పడవవాళ్ళు వేసే గట్టి ముడి వేసి ఉంది. కరణంగారి మనవడి మూట కన్నా లావుగా ఉంది. నా సంతోషం ఇంతా అంతా కాదు. "చూడండర్రా, పడవవాళ్ళ పిల్లాడికి ఉన్న శ్రద్ధ మీకు లేదు" అని రోజూ మిగతావాళ్ళను దెప్పేవాణ్ణి. నరసింహులు ఒక్కనాడూ తడపలేదు. ఒక్కనాడూ మూట విప్పలేదు. సాయంత్రం గంట కొట్టగానే అందరికన్నా ముందు మూట అందుకుని కాలువ గట్టు మీద పరుగు తీసేవాడు. ఆటలకు కూడా ఆగేవాడు కాదు. ఆ క్రమశిక్షణ నా శాసనం వల్లే వచ్చిందని అనుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అంది. "ఆ పడవ సత్తెమ్మ పగటిపూట రేవులో కనపట్టం లేదండీ. తెల్లారకముందే నీళ్ళు తెచ్చేసుకుంటోందిట. పీచు పనికి కూడా మానేసిందిట. కొడుకు చదువుతున్నాడని గర్వం వచ్చిందని అనుకుంటున్నారు రేవులో."

"కొందరికి అంతే, అక్షరం గాలి తగిలితే చాలు" అన్నాను నేను, పులుసు కలుపుకుంటూ. ఆ మాట నేనే అన్నాను. ఇక్కడ రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ, రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

మూట విప్పిన రోజు

కార్తీకంలో ఒక పూట బుచ్చిబాబు పొద్దున్నే ఒకసారి, కాసేపటికి మరొకసారి తడిపేశాడు. వాడి రెండో పంచె అప్పటికే అయిపోయింది. మళ్ళీ సూరమ్మగారు, మళ్ళీ చెంబు నీళ్ళు తప్పవనుకున్నాను. వెనక్కి చూస్తే నరసింహులు మూట బరువుగా, ఎప్పుడూ విప్పకుండా వేలాడుతోంది.

"ఒకరి అవసరానికి ఒకరు ఆదుకోవాలర్రా" అని నీతి చెబుతూ దాన్ని దించాను.

నరసింహులు దిగ్గున లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దండి, పంతులుగారండి. అది వద్దండి."

"అంత పిసినారితనం పనికిరాదురా" అని వాణ్ణి పక్కకు నెట్టాను. ముడి నా చేతికి లొంగలేదు. తాటాకులు కోసే కత్తి తీసి తాడు కోశాను.

ఎర్రటి నేతచీర. ఒక కొస పట్టి లాగితే వస్తూనే ఉంది. ఎనిమిది గజాల చీర, నడుమ రెండు చోట్ల అతుకు, అరుగంతా పరుచుకుంది. పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

"ఏరా, తడిపితే నువ్వు ఇది కట్టుకుంటావా?"

వాడు ఏడవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చీర కొసలు పోగు చేసుకుంటున్నాడు. "మా అమ్మదండి. మట్టి అంటనియ్యకండి. సాయంత్రం అమ్మ కట్టుకోవాలండి."

"మరి ఇప్పుడు మీ అమ్మ ఏం కట్టుకుందిరా?"

వాడు నా వైపు చూశాడు. ఇంత తెలియని పంతులు ఉంటాడా అన్నట్టు చూశాడు.

"ఇంట్లో ఉందండి" అన్నాడు.

ప్రశ్న ఒకటి, జవాబు ఒకటి చెబుతున్నాడని ఒక్క క్షణం అనుకున్నాను. అదే జవాబని తరువాత తెలిసింది. రెండు నెలల పాటు ఒక ఆడమనిషిని పొద్దుట నుంచి సాయంత్రం దాకా నేను పాకలో బంధించి ఉంచాను. పని మాన్పించాను, నీళ్ళకు వెళ్ళకుండా చేశాను, రేవులో మాట పడేలా చేశాను. ఆ తాళం చెవి నా వెనక కొయ్యకే వేలాడుతుంటే, పిల్లాడి శ్రద్ధకు గుర్తుగా దాన్ని నలుగురికీ చూపించాను. నాకు సిగ్గేసింది. ఈ వయసులో కూడా ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పిల్లాణ్ణి బడిలో వేసేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ పంతులికి ఒక కొత్త పంచె పెట్టడం ఆచారం. ఆ రోజున మా ఇంట్లో పెట్టెలో మడత విప్పని పంచెలు పదిహేడు ఉన్నాయి.

తడిక దగ్గర

బడి వదిలేసి, చీర మడత పెట్టి, నేనే పట్టుకుని నరసింహుల్ని వెంటబెట్టుకుని కాలువ గట్టు మీదికి వెళ్ళాను. పంతులు ఆడవాళ్ళ చీర చేతపట్టుకుని పోతుంటే దారి పొడుగునా జనం చూశారు. చూడనీ అనుకున్నాను. పాక తడిక వేసి ఉంది.

"సత్తెమ్మా, నేను పంతుల్ని."

లోపల అలికిడి ఆగిపోయింది. తడిక వెనకనుంచి గొంతు వినిపించింది. "ఆయ్, బయటికి రాలేనండి పంతులుగారండి. ఏమనుకోకండి."

"రావద్దులే తల్లీ. నీ చీర తెచ్చాను. తడిక మీద వేస్తున్నాను, తీసుకో."

వేసి అటు తిరిగి నిలబడ్డాను. చీర లోపలికి జారిన చప్పుడైంది.

"మా వోడు తడిపేసేడాండి?"

"లేదమ్మా."

"మరి మూట ఎందుకిప్పేరండి?"

"తప్పు నాది. రేపటినుంచి మూట అక్కర్లేదు. పిల్లాణ్ణి ఊరికే పంపు" అన్నాను.

"అట్టా అనకండి బాబుగారండి. ఈసారి ముడి ఇంకా గట్టిగా ఏత్తానండి. ఎవరి చేతికీ రాదండి. ఈడి బడి మానిపించకండి." ఏడుస్తోంది. ఇక అవసరం లేదని చెబుతుంటే, ఇక రావద్దని చెబుతున్నానని అనుకుంది. నేను ఆ రెండు నెలల్లో ఆవిడకు నేర్పిన భాష అదే మరి.

ఇంటికి వచ్చి పెట్టె తెరిచాను. మా ఆవిడ, నేను కలిసి ఆ పదిహేడు పంచెల్నీ నాలుగేసిసార్లు ఉతికి మెత్తబరిచి, మూరన్నర ముక్కలుగా చింపి, అరుగు మూల బుట్టలో పెట్టాం. ఎవడు తడిపితే వాడికి అందులోంచి ఒకటి. కుర్ర పంతుళ్ళు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. మారుబట్ట తేవలసింది పిల్లాడు కాదు, బడి.

కరణంగారు బుట్ట చూసి నొసలు చిట్లించారు. "ఇలా అయితే క్రమశిక్షణ పోతుంది పంతులూ."

"పోయిందండి" అన్నాను.

మరునాడు పొద్దున నరసింహులు మూటతోనే వచ్చాడు. నిన్నటికన్నా గట్టి ముడి. వాణ్ణి కూర్చోబెట్టి, మూట నేనే తిరిగి తీసుకువెళ్ళి తడిక మీద పెట్టి వచ్చాను. ఆ మరునాడు మళ్ళీ మూట. మళ్ళీ తీసుకువెళ్ళాను. నాలుగు రోజులు అలాగే జరిగింది. నేను చెప్పేదాని మీద ఆవిడకు నమ్మకం కుదరలేదు. నన్ను నమ్మడానికి నేనేం చేశాను గనక?

అయిదో రోజున నరసింహులు ఉత్తచేతులతో వచ్చాడు. అరుగు ఎక్కలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కింద నిలబడి నా ముఖం కేసి చూస్తున్నాడు. వాడి వెనక, కాలువ గట్టు మీద, బాగా ఎండ పొడిచిన వేళ, ఎర్రచీర కట్టుకుని సత్తెమ్మ నిలబడి ఉంది. రేవులో ఆడవాళ్ళందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఆవిడ ఎవరి వైపూ చూడటం లేదు.

"ఎక్కరా" అన్నాను.

వాడు ఎక్కి, తన చోట కూర్చుని, ఇసుక సర్దుకుని వేలు పెట్టాడు. అప్పటిదాకా ఆవిడ కదలలేదు.